జంగయ్య వేలికి పచ్చదీపం

ఇకమీదట కార్మికుల చర్మవ్యాధులను ఎవరి మాట మీదా నమ్మబోమని, శాస్త్రాన్నే నమ్ముతామని పరిహార అధికారి శ్రావణ్‌కుమార్ గారు 2013 జూన్‌లో శంషాబాద్‌లో ప్రకటించారు. జీవితమంతా నేను కోరుకున్న మాట ఒక అధికారి నోట రావడంతో ముందువరుసలో కూర్చుని మరీ చప్పట్లు కొట్టాను.

శాస్త్రం చిన్న నల్లపెట్టె రూపంలో వచ్చింది. దరఖాస్తుదారు దానిమీద బొటనవేలు పెట్టాలి. పచ్చదీపం వెలిగితే మనిషి వచ్చినట్టు. ఎర్రదీపం వెలిగితే ఎదురుగా నిలబడి ఉన్నా రానట్టు.

మామిడిపల్లి జంగయ్య పదకొండేళ్లుగా సిమెంటు కలుపుతున్నాడు. అరచేతులు బీటలువారి, వేళ్ల కొసలు పొక్కిపోయి, అన్నం చెంచాతో తింటున్నాడు. అది పనివల్ల వచ్చిన జబ్బేనని మెడికల్ బోర్డు రాసిస్తే పరిహారం వస్తుంది. దానితో బర్రెను కొని మొగుడిచేత సిమెంటు మాన్పించాలని చంద్రమ్మ పట్టుదల. దరఖాస్తు రాసిపెట్టినవాణ్ణి కనుక నేనూ వెంట వెళ్లాను.

జంగయ్య వేలు పెట్టాడు. ఎర్రదీపం. లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్రదీపమే.

“నువ్వే జంగయ్యవని రుజువేమిటి?” అన్నారు శ్రావణ్‌కుమార్ గారు.

“గిదేంది సారూ! ఇరవై ఏండ్ల సంది నేను తిడుతున్నది ఈయన్నే గద,” అంది చంద్రమ్మ.

“అది నోటిమాటమ్మా. మిషన్‌కి గీతలు కావాలి.”

“గీతలను సిమెంటు తిన్నది సారూ. గందుకే గద వచ్చినం,” అన్నాడు జంగయ్య.

“అదంతా బోర్డు డాక్టరుగారు చూస్తారు. ముందు వేలు బాగుచేసుకుని రా.”

ఈ తర్కంలో దోషం కోసం ఇంటిదాకా వెతికాను. రోగాన్ని చూడాలంటే రోగి ఎవరో తేలాలి. రోగి ఎవరో తేలాలంటే రోగం తగ్గాలి. ఇంత నున్నని వలయం యూక్లిడ్‌కు కూడా చేతకాలేదు.

చంద్రమ్మ రెండునెలలు మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, తాను కూలికి పోయి, పూటపూటా అతని చేతులకు కొబ్బరినూనె రాసింది. ఆగస్టులో పచ్చదీపం వెలిగింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

బోర్డు డాక్టరు మాధవీలత గారు భూతద్దం పెట్టి చేతులు తిరగేశారు. “జబ్బు ఎక్కడ?”

“పని బంద్ వెట్టిన మేడం. గందుకే తగ్గింది.”

“పని మానితే తగ్గిందంటే, పనివల్లే వచ్చిందనడానికి మంచి గుర్తే,” అని ఆమె నిజాయితీగా ఒప్పుకున్నారు. “కానీ ఫారంలో ‘నేడు ఉన్నదా’ అనే గడి ఒక్కటే ఉంది.”

“పైగా పచ్చదీపం వెలిగింది! అంతకన్నా ఆరోగ్యానికి సాక్ష్యమేం కావాలి?” అంటూ శ్రావణ్‌కుమార్ గారు మిషన్ చీటీని ఫైలుకు గుచ్చారు.

దరఖాస్తు తిరస్కరించారు. పై అధికారికి అప్పీలు చేసుకోవాలంటే తిరస్కరణ పత్రం జతపరచాలి. అది నెలరోజులకు తయారవుతుందన్నారు. మర్నాడే జంగయ్య సిమెంటులోకి దిగాడు.

నెల తర్వాత వెళ్లి వేలు పెట్టాడు. ఎర్రదీపం.

“పత్రం సిద్ధంగా ఉంది. కానీ జంగయ్యకే ఇవ్వాలి,” అన్నారు శ్రావణ్‌కుమార్ గారు, విచారంగా.

“లేదన్న కాయిదం గూడ లేదంటవా సారూ?” అంది చంద్రమ్మ.

జనవరి ఇరవై ఆరున ఆయనకు ఉత్తమ అధికారి పురస్కారం ఇచ్చారు. ఆయన హయాంలో ఒక్క కార్మికుడి చేతికీ తిరస్కరణ పత్రం అందలేదట. సన్మాన వేదికకు సిమెంటు మెట్లు కట్టింది జంగయ్యే. ఆ పనికి మాత్రం ఎవరూ అతని వేలు అడగలేదు.