తలకాయలున్న ఫోటోల కేసు

"ఈ ఇంట్లో ఒక నేరం జరిగింది. నేరస్థుడు మహా తెలివైనవాడు. కానీ పాపం అతని ఖర్మ, ఇదే ఇంట్లో నేనున్నాను."

ఆదివారం పొద్దున్నే ఈ ప్రకటన చేసేటప్పటికి మా ఆయన బనియను తిరగేసి వేసుకుని ఉన్నారు. టైర్ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా ఎవరి మాటా నమ్మకుండా పనిచేయడం వల్ల తనలో ఒక అపరాధ పరిశోధకుడు తయారయ్యాడని ఆయన నమ్మకం. పంచదార డబ్బా కళ్ళెదురుగా ఉన్నా కనబడదు, అది వేరే సంగతి.

"ఏం పోయిందండీ?" అన్నాను.

"పోలేదు. అదే భయంకరమైన విషయం. వచ్చాయి."

కెమెరా నా ముందు పెట్టారు. నెల క్రితం కొన్నది, ఆయన జీవితంలో మొట్టమొదటి అసలు సిసలు కెమెరా. కొన్న రోజే "ఇది ఆటబొమ్మ కాదు, ఎవరూ ముట్టుకోకూడదు" అని శాసనం చేశారు. ఇంట్లో ఉన్న ఆ 'ఎవరూ' నేనూ అత్తయ్యా.

"ఇవి నేను తీసినవి."

మెడ నుంచి కిందికి మా మరిది. అరగంట గోరింకను వెంటాడితే దొరికిన ముప్పై రెండు కరెంటు తీగలు. అన్నింటిలోనూ ఎడమ మూల గులాబీ రంగు మచ్చ.

"ఇప్పుడు ఇవి చూడు."

కిటికీలో ఆరుతున్న గాజు గ్లాసులు, వాటిలోంచి ఎండ. మెట్ల మీద నిద్రపోతున్న పిల్లి. నోరంతా తెరిచి నవ్వుతున్న అత్తయ్య.

"ఇవి నేను తీయలేదు," అన్నారు గొంతు తగ్గించి.

"ఎలా చెప్పగలరు?"

"తలకాయలున్నాయి."

కాదనలేకపోయాను.

మీ దగ్గర దాచడమెందుకు, ఆ మూడూ నేను తీసినవే. కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని ఆయన అట్టపెట్టెలోనే వదిలేస్తే, రోజుకు రెండు పేజీల చొప్పున నేను చదివాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కెమెరా నాది. తర్వాత పట్టీని ఆయన చుట్టినట్టే వంకరగా చుట్టి బీరువాలో పెట్టేదాన్ని. తీసినవి చూసుకుని చెరిపేసేదాన్ని కూడా. ఈ మూడింటికి మాత్రం చెయ్యి రాలేదు. ముందు పన్ను ఊడిన దగ్గర్నుంచి అత్తయ్య ఏ ఫోటోలోనూ పెదవి విప్పలేదు. గోరింక వేట సంగతి చెప్పేసరికి ఆపుకోలేక నవ్వేశారు, నేను నొక్కేశాను. చూసుకుని, "దీన్ని పెద్దది చేయించి గోడకి పెట్టించవే అమ్మాయ్," అన్నారు. మాటిచ్చాను.

"కిటికీ అంటే ప్రవేశ మార్గం," అంటున్నారు మా ఆయన. "పిల్లి అంటే కాపలా జంతువు నిద్రపోయే వేళ."

"మనకి పిల్లి లేదు కదండీ."

"అద్దెకు తెచ్చుకుని ఉంటాడు."

తర్వాత ప్రత్యక్ష సాక్షిని పిలిచారు. అత్తయ్య బఠాణీలు ఒలుస్తూనే వచ్చి కూర్చున్నారు.

"అమ్మా, ఇది తీసినప్పుడు ఎదురుగా ఎవరున్నారు?"

"కళ్ళద్దాలు మసగ్గా ఉన్నాయిరా, ఆనలేదు."

"మరి ఎందుకు నవ్వావు?"

"నీ గురించి ఏదో చెప్తేనూ."

"నా గురించి కూడా తెలుసన్నమాట," అని కాగితం మీద రాసుకున్నారు. "అయితే వీధి చివర ఫోటో స్టూడియో ఆయనే. ఇంత శుభ్రంగా తీసేది ఇంకెవరు? పైగా ఈ గులాబీ మచ్చ చూశావా? వేలు. గోరు పెంచిన వేలు."

"అది మీ ఫోటోల్లో కదండీ ఉంది?"

"అదే నేననేది. నేను తీస్తుంటే నా పక్కనే నిలబడ్డాడు, గుండెలు తీసిన బంటు. ముందు ఈ మూడూ చెరిపేసి, తర్వాత వెళ్ళి వాడి సంగతి తేలుస్తా. శత్రువు సరుకు నా కెమెరాలో ఉండటానికి వీల్లేదు."

"సాక్ష్యం కదా, ఉంచండి."

"సాక్ష్యం ఇక్కడుంది," అని నుదురు తట్టుకున్నారు.

అత్తయ్య చేతిలో బఠాణీ ఆగిపోయింది. నా వైపు చూశారు. ఒప్పుకుంటే కెమెరా పోతుంది. ఊరుకుంటే అత్తయ్య నవ్వు పోతుంది.

"ఏమండీ, ఆ ఫోటో తీసింది..."

"విచారణ మధ్యలో మాట్లాడకు," అని ఆయన బటను నొక్కారు.

పుస్తకం తొమ్మిదో పేజీ చదివినవాళ్ళకి తెలుసు, అది చెరిపే బటను కాదు, బొమ్మను పెద్దది చేసే బటను. ఆయన చదవలేదు. పోలేదేమిటని మళ్ళీ నొక్కారు, మళ్ళీ మళ్ళీ నొక్కారు. అత్తయ్య మొహం పెద్దదైంది, ముక్కు పెద్దదైంది, చివరికి తెరంతా ఒకే ఒక్క కళ్ళద్దం. అందులో మా వంటింటి గుమ్మం. గుమ్మంలో, పద్నాలుగో పేజీలో చెప్పినట్టు మోచేతులు ఒంటికి ఆనించి, కళ్ళకి కెమెరా పెట్టుకున్న ఆడమనిషి. భుజం మీద పచ్చ గళ్ళ తువ్వాలు.

ఆయన తెర వైపు చూశారు. నా భుజం మీది పచ్చ గళ్ళ తువ్వాలు వైపు చూశారు.

"దొరికావు," అన్నారు చివరికి. "నాకు మొదటి నుంచీ అనుమానమే. స్టూడియో ఆయన పేరు ఊరికే నిన్ను ఏమార్చడానికి చెప్పా."

"మరి శిక్షేమిటిరా?" అన్నారు సాక్షి.

ఆయన తల లేని తమ్ముడి ఫోటో ఒకసారి, తల్లి నవ్వు ఒకసారి చూసుకున్నారు. "ఇకమీదట ఈ ఇంట్లో తలకాయలున్నవాళ్ళందరినీ ఈవిడే తియ్యాలి," అన్నారు గంభీరంగా. "నేను ప్రకృతి చూసుకుంటాను."

ఇప్పుడా ఫోటో మా హాల్లో గోడ మీదుంది. వచ్చినవాళ్ళందరినీ దాని ముందు నిలబెట్టి, నేరస్థురాలిని ఎలా పట్టుకున్నదీ ఆయన చెబుతారు. తీసిందెవరని ఎవరూ అడగరు. అడగక్కర్లేదు, రెండద్దాల్లోనూ నేనే ఉన్నాను.

గులాబీ వేలు కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. మొన్న ఆదివారం ఆయన గోళ్ళు కత్తిరించుకుని గోరింకల మీదికి వెళ్ళారు. గంట తర్వాత తిరిగొచ్చి, కెమెరా తెరను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు పరిశీలించారు.

"మళ్ళీ వచ్చాడు," అన్నారు మెల్లగా. "ఆనవాలు దొరక్కుండా ఈసారి గోళ్ళు తీయించుకుని మరీ వచ్చాడు."