రెండో దశకు చేరిన మాంసం

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవదు, విడవదు. దానికీ పైనుంచి ఉత్తర్వు రాలేదేమో.

మాంసం ఉడికిందో లేదో తేల్చే అధికారం మంటకు లేదని మా కార్యాలయం ఏనాడో నిర్ణయించింది. ఆ అధికారం క్యాంటీన్ సూపర్‌వైజరుది. ఆయన చేత్తో తప్ప పొయ్యి ఆగకూడదు. (వెలిగించడానికి మాత్రం ఎవరి చెయ్యైనా పనికొస్తుంది.)

ఆ మధ్యాహ్నం తనిఖీ అధికారి భోజనానికి వస్తున్నాడు. వంటావిడ ఉద్యోగం పర్మనెంటు చేయాలో, ఆవిణ్ణి ఇంటికి పంపాలో తిని చెబుతాడు. ఆవిడ సూపర్‌వైజరుకు స్వయానా మరదలు. ఏళ్ళ తరబడి తాత్కాలికమే. (సొంతవాళ్ళకు చేసుకున్నాడన్న మాట రాకూడదని ఆయనే ఆపించాడు.)

కూర కుతకుతమంటుండగా సూపర్‌వైజరు పైఅంతస్తులో మీటింగుకు వెళ్ళాడు. విషయం గ్యాసు పొదుపు. మీటింగు సాగింది, కింద మంటా సాగింది. వంటావిడ కబురు మీద కబురు పంపింది. పొదుపు గురించి మాట్లాడుతుండగా మధ్యలో లేవడం మర్యాద కాదని జవాబొచ్చింది. ఆయన దిగేసరికి నీరంతా ఇగిరిపోయి, ముక్కలు చెప్పుల అట్టల్లా బిగుసుకున్నాయి.

“బావా, కూర మాడింది.”

“ఆ మాట అనకు. మాడిందంటే విచారణ వేయాలి. రెండో దశకు చేరిందను.”

“నీ దశలు తగలెయ్య. గుడ్లున్నాయిగా, ఇట్టే ఉడికించి పెడతాను.”

“అవి గురువారం గుడ్లు. మంగళవారం ఎలా తింటారు?”

దాంతో పునరుద్ధరణ సంఘం ఏర్పడింది. సూపర్‌వైజరు, లెక్కల గుమాస్తా, స్టోరు గుమాస్తా కుర్చీలు వేసుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. వంటావిడ మాడిన అడుగు కదపకుండా పైముక్కలు తీసింది. పీచులుగా చీల్చింది, దంచింది, ఉడికిన బంగాళాదుంప, ఉల్లిపాయ కలిపి బిళ్ళలు చేసి వేయించింది. ఆవిడ చేతులు కాలుతున్నంతసేపూ సంఘం పేరు వెతికింది. మాడు వాసనకు ‘పొగ పరిమళం’ అని లెక్కల గుమాస్తా పెట్టాడు. గట్టిదనానికి ‘నిలకడ’ అని స్టోరు గుమాస్తా పెట్టాడు. రెండూ ఏకగ్రీవం.

అధికారి వచ్చి ఒక బిళ్ళ తిన్నాడు. చాలాసేపు తిన్నాడు. ఇది ఎవరి చేతి వంటని అడిగాడు.

వంటావిడ గుమ్మంలో నిలబడి బావ వైపు చూసింది.

“సంఘం కృషి సార్. మేం మీటింగులో ఉండగా పొయ్యి దాని పని అది చేసింది, మిగిలింది సంఘం చూసుకుంది,” అన్నాడు సూపర్‌వైజరు.

అధికారి సంతోషించాడు. అందరూ మీటింగులో ఉండగా పొయ్యి తనంతట తాను ఇంత పని చేయగలిగినప్పుడు, మిగిలింది సంఘం చూసుకోగలిగినప్పుడు, వంటమనిషి పోస్టు ఎందుకన్నాడు. రేపటి నుంచి రద్దు. ఆపైన న్యాయంగానే ఉన్నాడు. ఈ నిర్ణయం మీద ఎవరైనా మాట్లాడదలిస్తే భోజన విరామం ముగిసేలోగా చెప్పవచ్చన్నాడు. వంటావిణ్ణి కూడా కూర్చుని తినమన్నాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని, బావకు ఎదురుగా కూర్చుని, ఒక బిళ్ళ వడ్డించుకుంది.

అందరూ కలిసి తిన్నారు. బల్ల మీద ఒక్క మాట లేదు. మాంసం నిలకడ అలాంటిది, గడువు ముగిసేదాకా ఎవరికీ నమలడం పూర్తి కాలేదు.