బర్రె వెంట పన్ను

ఆ ఉదయం మూసీ మీద మంచు మీగడలా పేరుకుని ఉంది. పురానాపూల్ దాటుతూ దుర్గయ్య నడకలోనే సగం కలగంటున్నాడు. కార్వాన్‌లోని చదువురాని ముసలివాళ్ళకు ఉర్దూ కాగితాలు రాసిపెట్టి, వెంటబెట్టుకెళ్ళి ఇంటి పన్ను కట్టించడం అతని పని. ఇవాళ ఆగమ్మ వంతు. గడువుకు ఇదే ఆఖరి రోజు. దాటితే ఆమెకు జుర్మానా, తనకు మాటపోవడం. తొందరగా కట్టించేసి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలని అతని ఆలోచన.

ఆగమ్మ మాత్రం తన బర్రెను కూడా తెచ్చింది. ఆమె కనపడకపోతే అది అరిచి వాడనంతా లేపుతుందట.

"దాన్ని ఇడిసిపెట్టి నేనెట్లొస్త బిడ్డా? మనెంబడి నడుస్తది, నీకేం ఫికర్?" అంది.

దుర్గయ్య పలుపు అందుకున్నాడు.

లాడ్ బజార్‌లో అప్పుడే దుకాణాలు తెరుస్తున్నారు. గాజుల మీద లేత ఎండ పడి గోడలనిండా రంగులు ఈదుతున్నాయి. ఆ రంగుల్లో తేలిపోతూ దుర్గయ్య కళ్ళు అరమూతలు పడ్డాయి. గాజుల ఖాసిం భాయ్‌కి ముందు బర్రె కనిపించింది, తర్వాత కంట్లో నలుసు పడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ముసలమ్మ కనిపించింది.

"ఏంది దుర్గయ్యా, బర్రెను తోలుకపోతున్నవ్? పన్ను కోసమా?"

"అవ్ భాయ్, పన్ను కోసమే," అన్నాడు దుర్గయ్య కలలోంచే.

ఖాసిం భాయ్ గాజులు అక్కడే వదిలి లేచాడు. బాకీ ఉన్నవాళ్ళ బర్రెలు జప్తు చేస్తున్నారని పక్క దుకాణంలో చెప్పాడు. ఆ దుకాణదారు, గాజులు కూడా పట్టుకుపోతున్నారని అవతలివాడికి చెప్పాడు. వీధి చివరికి చేరేసరికి ఆ కబురులో మంచాలు, చెంబులు కూడా చేరాయి. తెరిచిన తలుపులు మళ్ళీ దడదడా మూతపడ్డాయి. ఏళ్ళ తరబడి బాకీ పడ్డవాళ్ళంతా సందుల వెంట పన్నుల కచేరీకి పరుగెత్తారు. అందరూ తనకెందుకు సలాం చేసి దారి ఇస్తున్నారో తెలియక, దుర్గయ్య మర్యాదగా తలూపుతూ బర్రె నడకన సాగాడు.

కచేరీ ముందు వరుస వీధి మలుపు దాటింది. వరుస చివర బర్రె పడుకుని నెమరువేసింది. దాని వీపుకు ఆనుకుని ఆగమ్మ నిద్రపోయింది. దుర్గయ్య నిలబడే కునికాడు. తీరా తన వంతు వచ్చేసరికి గుమాస్తా కిటికీ మూసేశాడు.

దుర్గయ్యకు మత్తంతా దిగిపోయింది. ఆగమ్మను లేపి, తలవంచుకున్నాడు.

"అవ్వా, నా మాట వోయింది. జుర్మానా నేనే కడ్త."

అంతలో పెద్ద అధికారి బయటికి వచ్చాడు. వరుసలోని జనం నోట జప్తు కబురంతా విని ఉన్నాడాయన. ఇన్నేళ్ళ నౌకరీలో ఇంత వసూలు చూడలేదంటూ బర్రె మెడ నిమిరాడు. ఆగమ్మ రేపు కట్టినా సరేనని, జుర్మానా మాఫీ అని చెప్పి, గొంతు తగ్గించాడు.

"అవ్వా, రేపు బర్రెను కొంచెం మొఘల్‌పురా దిక్కుకెళ్ళి తోలుకరా. గక్కడ మస్తు బాకీలున్నయ్."

ఆ రోజు కచేరీకి వెళ్ళినవాళ్ళలో పన్ను కట్టకుండా తిరిగొచ్చింది ఆగమ్మ ఒక్కతే.