ఎనిమిదోవాడు

ఇకపై శాస్త్రీయ దృక్పథంతోనే పాలన సాగుతుందని విద్యామంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. మధ్యాహ్నానికి, శాస్త్రం తెలిసినవాళ్లెవరైనా ఉంటే పట్టుకురమ్మని పీఏని తరిమారు.

దొరికినవారు కెమిస్ట్రీ మాస్టారు. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. బదిలీ కోసం మూడేళ్లుగా ఆయన సెలవు పెట్టినప్పుడల్లా మంత్రిగారి ఆఫీసు వరండా బెంచీ మీదే ఉంటున్నారు. భార్య ఒక ఊళ్లో నర్సు, ఆయన మరో ఊళ్లో మాస్టారు, మధ్యన తొమ్మిది గంటల రైలు ప్రయాణం. మంత్రిగారి సంతకం ఒక్కటి పడితే ఆ రైలుతో పనిలేదు. ఫైలు మంత్రిగారి బల్ల మీదే, టీ కప్పు కింద భద్రంగా ఉంది.

"పరమాణువులు ఎలా కలుస్తాయో రెండు ముక్కల్లో చెప్పండి" అన్నారు మంత్రిగారు.

"బయటి వరసలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండాలని వాటి ఆరాటం సార్. క్లోరిన్‌కి ఏడే ఉంటాయి. ఆ ఒక్కటీ దొరికేదాకా కనబడ్డవాళ్ల మీదల్లా పడుతుంది."

మంత్రిగారు నిటారుగా కూర్చున్నారు. ఆయన వర్గంలో సభ్యులు ఏడుగురు. ఎనిమిదిమంది లేని వర్గానికి మంత్రి పదవి లేదని కూటమి ఒప్పందం. గడువు శుక్రవారం.

"ఆ ఒక్కటీ ఎక్కడ దొరుకుతుంది?"

"సోడియం దగ్గర సార్. దానికి లోపల ఎనిమిదీ నిండుగా ఉంటాయి, బయట ఒక్కటి వేలాడుతుంటుంది. అది పోతే దానికీ హాయే."

"తొమ్మిదిమంది పార్టీ!" అని మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "అందులో ప్రతిదానికీ అలిగే పెద్దాయన లేడూ?"

"ఉన్నారు సార్. మీటింగులో కూడా గుమ్మం బయటే కూర్చుంటారు."

ఇంత చురుకైన విద్యార్థిని పాతికేళ్ల సర్వీసులో చూడలేదని మాస్టారు పొంగిపోయారు.

అడిగిందే తడవుగా ఆ పార్టీ నాయకుడు పెద్దాయనను తన కారులోనే పంపించాడు. పీడ వదిలిందన్నాడట. ఇచ్చినవాడికి ప్లస్, పుచ్చుకున్నవాడికి మైనస్ వస్తాయని, ఆపైన రెండూ అతుక్కుపోతాయని మాస్టారు చెప్పగానే నాయకులిద్దరూ కావలించుకుని ఫొటో దిగారు. నిన్నటిదాకా ఒకరు తడి తగిలితే భగ్గుమనే రకం, ఒకరు పీలిస్తే ప్రాణం తీసే రకం. కలిశాక ఇద్దరూ వంటింటి ఉప్పంత సాధువులయ్యారు. పాఠ్యపుస్తకంలో రసాయన బంధం పాఠానికి ఆ ఫొటోయే వేయాలని ఉత్తర్వు కూడా వచ్చింది. వీరిలో క్లోరిన్ ఎవరో తెలిసేలా బాణం గుర్తు గీసే గౌరవం మాస్టారికే దక్కింది.

ఆ సాయంత్రం భార్యకు ఫోన్ చేశారు. "సంతకం అయినట్టే."

"ఈ 'అయినట్టే' మూడేళ్లుగా వింటున్నాను. అయ్యాక చెప్పండి, అల్మరా ఖాళీ చేస్తాను."

శుక్రవారం పదవి నిలిచింది. శనివారం మాస్టారు లోపలికి వెళ్లేసరికి మంత్రిగారు అరమోడ్పు కన్నులతో ఉన్నారు.

"సార్, నా బదిలీ..."

"మాస్టారూ, ఎనిమిదీ నిండిన పరమాణువు ఏం చేస్తుంది?"

"ఏమీ చేయదు సార్. ఎవరి జోలికీ పోదు." అనేశాక మాస్టారు నాలుక కరుచుకున్నారు.

"మరి?" అన్నారు మంత్రిగారు. కప్పు ఎత్తి ఒక గుక్క తాగి, మళ్లీ ఫైలు మీదే పెట్టారు.

మాస్టారికి ఏడుపొచ్చినంత పనయింది. వరండాలోకి వస్తే, తన బెంచీ మీద పెద్దాయన అలిగి కూర్చుని ఉన్నారు.

"రమ్మన్నప్పుడు కారు పంపారు. వచ్చాక కుర్చీ కూడా వేయలేదయ్యా!"

మాస్టారు ఆయన పక్కన కూర్చుని గొంతు తగ్గించారు.

"మంత్రిగారికి సగం పాఠమే చెప్పానండీ. ఆ ఉప్పు కాస్తా నీళ్లలో పడితే ఎవరి దారి వారిదే."

పెద్దాయన చుట్టూ చూసి, దగ్గరికి జరిగారు.

"ఆ నీళ్లది ఏ పార్టీ?"