పదిహేడో నంబరు గువ్వ

ఆ ఆదివారం పర్తోనో తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పెళ్ళిళ్ళకు వేసుకునే బాతిక్ చొక్కా తొడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పదకొండింటికి పోటీ. పోటీ ఆయనకు కాదు, ఆయన గువ్వ కెంచనకు.

జావా దీవిలోని సోలో పట్నంలో గువ్వల పాటల పోటీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కూత చివర వచ్చే "కూంగ్" ఎంత సాగితే గువ్వకు అంత పేరు. కెంచన ఇంట్లో ఉంటే వీధి చివరిదాకా వినిపించేలా కూస్తుంది. మోటారుసైకిలెక్కించి మైదానానికి తీసుకెళ్తే మాత్రం దానికి నోరు పడిపోతుంది. ఐదేళ్ళుగా ఇదే వరస. ఈ ఏడు మొదటి వడపోత ఎవరింట్లోంచి వాళ్ళు కంప్యూటరులోనే చూపించవచ్చని గువ్వల సంఘం వాళ్ళు ప్రకటించేసరికి, తపాలా ఆఫీసులో రిటైరైన పర్తోనోకు కాళ్ళు నేల మీద నిలవలేదు. షరతు ఒక్కటే. పోటీ సమయంలో గదిలో మనిషి మాట వినబడకూడదు.

తొమ్మిదిన్నరకు కంప్యూటరు బిగుసుకుపోయింది. తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడే ఆగింది. పర్తోనో మౌసును అటూ ఇటూ తోశాడు, బల్లకేసి కొట్టాడు. ఉన్నట్టుండి తెర నల్లబడి, కంప్యూటరు మళ్ళీ మొదట్నుంచీ మొదలైంది. ఐదు నిమిషాలు బాగానే ఉండి మళ్ళీ బిగుసుకుంది.

"సుమీ! నువ్వు దీన్నేమైనా ముట్టుకున్నావా?"

భార్య సుమిరాహ్ వంటింట్లోంచే జవాబిచ్చింది. "నిన్న దుమ్ము తుడవబోతే చెయ్యి పడిపోతుందన్నట్టు అరిచారుగా! అప్పట్నుంచి ఆ గదిలోకే రాలేదు."

"మరి వైరస్ ఎక్కడిది?"

"నా దగ్గర లేదండీ, నేను బాగానే ఉన్నాను."

పర్తోనో కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. అట్లపెనంలా కాలుతోంది. వేడి వల్లే అని తేల్చుకుని, పంకా తెచ్చి పెట్టె ముందు పెట్టి మీట నొక్కాడు. అవతల వంటింట్లో రైస్ కుక్కరు ఉడుకుతోంది. రెండూ కలిసేసరికి మెయిన్ స్విచ్చు ఠప్పున పడిపోయింది. ఇల్లంతా కరెంటు పోయింది.

"అన్నం సగం ఉడికింది!" అంటూ సుమిరాహ్ గరిటెతో సహా వచ్చింది.

"అన్నం రేపైనా తినొచ్చు. ఈ పోటీ రేపు లేదు!"

"సరే, ఈ పూట గువ్వగింజలే తినండి."

ఈ గొడవ విని పక్కింటి జుమాదీ గోడ దూకినంత పని చేసి వచ్చాడు. అతను రేడియోలు బాగుచేసేవాడు. చేతిలో స్క్రూడ్రైవరు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"పాక్," అన్నాడు, అక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు, "మీరేం కంగారుపడకండి. నాకు పావుగంట చాలు."

"పావుగంటా? ఇప్పటికే పదింపావయిందయ్యా!"

"అయితే మాట్లాడకండి, టైము పోతుంది."

జుమాదీ స్విచ్చు ఎత్తాడు, కుక్కరు ప్లగ్గు పీకాడు, సుమిరాహ్ చూపు తప్పించుకున్నాడు. లోపలి జ్ఞాపకశక్తి అంతా ఇందులోనే ఉంటుందంటూ ఓ పచ్చ పలక ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో తోమి పెట్టాడు. కంప్యూటరు లేచింది, బిగుసుకుంది, మళ్ళీ మొదలైంది. పదిన్నర. అప్పుడతను లోపలికి టార్చి వేసి చూశాడు.

"పాక్, మీ గువ్వ పంజరం ఎక్కడ పెడతారు?"

"మైకుకు దగ్గరగా ఉంటుందని నెల రోజులుగా ఈ పెట్టె మీదే పెట్టి సాధన చేయిస్తున్నాను. ఏం?"

"ఏం లేదు. నెల రోజుల గింజల పొట్టంతా ఇందులో ఉంది."

పెట్టె పైకప్పుకున్న చిల్లుల్లోంచి కొర్రగింజల పొట్టు కురిసి కురిసి, లోపలి చిన్న పంకా పీకలదాకా కూరుకుపోయింది. గాలి ఆడక యంత్రం ఉడికిపోతోంది. సుమిరాహ్ ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఎంత అనవచ్చో అంతా అంది.

జుమాదీ సైకిలు పంపు తెచ్చి పంకాలోకి గురిపెట్టి ఒక్క ఊపు ఊపాడు. పొట్టు పొగలా లేచింది. ముగ్గురూ తుమ్మారు. పంజరంలో కెంచన రెక్కలు కొట్టుకుని, కడ్డీలకు తగిలి, ఓ మూలకు ముడుచుకుని కూర్చుంది. దాని వాలకం చూస్తే మైదానానికి తీసుకొచ్చారనుకున్నట్టుంది.

సరిగ్గా పదకొండింటికి కంప్యూటరు నిక్షేపంలా నడిచింది. "పదిహేడో నంబరు, కెంచన. నాలుగు నిమిషాలు" అని న్యాయనిర్ణేతల గొంతు వినిపించింది.

ఒక నిమిషం గడిచింది. కెంచన ఈక కదపలేదు. రెండో నిమిషానికి పర్తోనో చొక్కా తడిసిపోయింది. ఐదేళ్ళ ఆశ కళ్ళముందే మూగదైపోతుంటే తట్టుకోలేక, బల్ల కిందికి దూరి, దానికి కాస్త గుర్తు చేద్దామని సన్నగా అందుకున్నాడు.

"హుర్... కెతెక్... కూంగ్."

గువ్వ తల పక్కకు తిప్పుకుంది. అదే క్షణంలో తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. పొట్టు ఇంకా మిగిలే ఉన్నట్టుంది. మైకు దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. అది చూసిన సుమిరాహ్, మాట్లాడకూడదు గనక, రెండు చేతులూ బారుగా చాచి "అంతా ఆగిపోయింది, లేవండి" అని సైగ చేసింది. బల్ల కింది మనిషికి అది ఇంకా సాగదీయమన్నట్టు కనబడింది. ఆయన సాగదీశాడు. ఆవిడ కంగారుగా ఇంకా బారుగా చాచింది. ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరంతా బిగబట్టి, మెడ నరాలు ఉబ్బేలా ఒక "కూంగ్" వదిలాడు. అది పూర్తయ్యేసరికి కంప్యూటరు టక్కున ఆరి, మళ్ళీ మొదట్నుంచీ మొదలైంది.

"పోయింది" అన్నాడు పర్తోనో బల్ల కిందే కూర్చుని. "ఇక నా జన్మలో కెంచన పాట ఎవరూ వినరు."

"బయటికి రండి, అన్నం మళ్ళీ పెడతాను" అంది సుమిరాహ్, ఆ పూట మొదటిసారి మెత్తగా.

ఇంతలో ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు.

"పాక్ పర్తోనో! ఎక్కడ దాచారండీ ఈ రత్నాన్ని? పదకొండు సెకన్ల కూంగ్! ముప్ఫై ఏళ్ళలో నేను వినలేదు. పైగా ఆ గాంభీర్యం ఏమిటి! గొంతు ఉబ్బలేదు, రెప్ప వాల్చలేదు, బొమ్మలా కూర్చుని కూసింది! వడపోతలో మొదటి స్థానం మీదే!"

పర్తోనో నాలుక తడుపుకున్నాడు. "అయ్యా, నిజం చెప్పాలి. అది గువ్వ కాదండీ, నేను..."

"తెలుసండీ, గువ్వ కాదు, మీ శిక్షణ! ఎంత వినయం! వచ్చే నెల మైదానంలో తుది పోటీ. మేమంతా ఎదురుగానే కూర్చుంటాం" అని ఆయన పెట్టేశాడు.

ఫోను చప్పుడు ఆగిందో లేదో, మూలన ముడుచుకున్న కెంచన మెడ సాచి తీరిగ్గా కూసింది. ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు.

"బాగానే ఉంది" అన్నాడు జుమాదీ న్యాయంగా. "కానీ పాక్, మీరు సాగదీసినంత సాగదీయలేదు."

సుమిరాహ్ లోపలికెళ్ళి కొలత టేపు తెచ్చి, ముందు పంజరాన్ని, తర్వాత మొగుడి భుజాలను కొలిచింది.