నాచారం నాదం అభిమానుల సంఘం

సౌభాగ్యనగర్ కాలనీ వాసులకు, చుట్టుపక్కల కాలనీల సంగీత ప్రియులకు తెలియజేయునది ఏమనగా, మన నాచారంలో పుట్టి పెరిగిన 'నాచారం నాదం' అనే బ్యాండుకు ఫేస్‌బుక్కులో అభిమానుల సంఖ్య ఈ రెండువేల పదమూడో సంవత్సరం జూన్ మొదటి వారానికి పదకొండు వేలు దాటింది. ఈ శుభవార్తను అభిమానుల సంఘం సంయుక్త కార్యదర్శి హోదాలో ప్రకటించే భాగ్యం నాకు దక్కింది. ఆ పదకొండు వేలలో బ్యాండు పాట విన్నవాళ్లు ఎందరని కొందరు గిట్టనివాళ్లు అడుగుతున్నారు. అభిమానానికీ వినడానికీ ముడిపెట్టడం మన సంప్రదాయం కాదు. అయినా అడిగారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

బ్యాండులో నలుగురున్నారు. శాంసన్ గిటారు వాయిస్తాడు, పాట కడతాడు. పగలు పారిశ్రామికవాడలో మందు సీసాలకు లేబుళ్లు అంటించే పని. అతని చెల్లెలు రోజీ పాడుతుంది. చర్చిలో ఆమె పాడిన రోజు పాస్టరుగారు తన ప్రసంగాన్ని పది నిమిషాలు తగ్గించుకుంటారని చెబుతారు, పాస్టర్ల వైపు నుంచి అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు. డ్రమ్ములు బుచ్చిరాములువి. ఆయనకు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర పంక్చర్ల దుకాణం ఉంది. కీబోర్డు తేజేష్‌ది. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్రతి విషయానికీ ఇంటర్నెట్‌లో ఒక వ్యాసం చదివి ఉంటాడు.

వీళ్లు రెండేళ్లు కష్టపడి ఒక పాట తయారు చేశారు. నాలుగున్నర నిమిషాల పాట. శాంసన్‌కు ఒకటే కోరిక. చుట్టాలు కానివాళ్లు కొందరు కూర్చుని ఆ పాటను మొదటినుంచి చివరిదాకా వినాలి. అదీ రోజీ ఊళ్లో ఉండగానే జరగాలి. ఆమెకు హనుమకొండలో ఒక దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చింది, జూన్ ఒకటిన చేరాలి. రోజీ లేకపోతే ఆ పాట పాడేవాళ్లు లేరు. ఇంత చిన్న కోరిక తీరడానికి ఇంత పెద్ద సంఘం ఎందుకు అవసరమైందో తేజేష్ వివరించాడు.

"ముందు కమ్యూనిటీ బిల్డ్ చేయాలి బ్రో. పాటదేముంది, తర్వాత దానంతటదే వెళ్తుంది."

ఫిబ్రవరిలో గ్రూపు తెరిచి పాట పెట్టారు. తొమ్మిది లైకులు వచ్చాయి. నాలుగు బ్యాండువాళ్లవి, ఒకటి రోజీ రెండో అకౌంటుది, మూడు చుట్టాలవి. తొమ్మిదోది దమ్మాయిగూడలో ప్లాట్లు అమ్మే పెద్దమనిషిది. ఆయన ఎవరేం పెట్టినా లైకు కొడతాడు, చావు కబురుకు కూడా.

మార్చిలో ఒకరోజు శాంసన్ గ్రూపులో రెండు ముక్కలు రాశాడు. "ఇయ్యాల ప్రాక్టీసు లేదు. అయిదు నలభైకి నల్లా వస్తదని మామ జెప్పిండు, బిందెలు నింపాలె." ఈ మామ ఎవరో కాదు, శాంసన్ తల్లి సారమ్మకు తోడబుట్టిన తమ్ముడు నర్సయ్య. మా ఏరియాకు నీళ్లు వదిలే వాల్వు తిప్పేది ఆయనే. మాకు రోజు విడిచి రోజు నీళ్లు. ఎన్ని గంటలకన్నది నర్సయ్యకూ దేవుడికీ మాత్రమే తెలుసు, దేవుడికి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సాయంత్రం అయిదు నలభైకి నల్లా వచ్చింది. ఆరున్నరకల్లా ఆ పోస్టుకు మూడువందల నలభై లైకులు, నూటపన్నెండు షేర్లు. "మీ సంగీత ప్రస్థానం ఇలాగే కొనసాగాలి" అని ఒకావిడ కామెంటు పెట్టారు.

తేజేష్ అంకెలు చూసి పరవశించిపోయాడు. జనానికి కావలసింది కళాకారుడి నిజజీవితమని అతను అప్పటికే ఒక వ్యాసంలో చదివి ఉన్నాడు. అప్పటినుంచి పాటతోపాటు నల్లా టైము కూడా పెట్టడం మొదలైంది. నెల తిరిగేసరికి నాలుగు వేల మంది అభిమానులయ్యారు. మల్కాజిగిరి నుంచి కూడా చేరారు. వాళ్ల వాల్వు వేరు, నర్సయ్య తిప్పినా తిప్పకపోయినా వాళ్లకు చుక్క రాదు. మా టైము చదువుకుని తృప్తిపడేవారు.

ఈ దశలోనే మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు పరంధామయ్యగారు అభిమానుల సంఘాన్ని స్థాపించి, ఎవరూ కోరకపోయినా అధ్యక్ష బాధ్యతను మోయడానికి ఒప్పుకున్నారు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరైనవారు, సర్క్యులరు లేనిదే కాఫీ తాగరు. కమ్యూనిటీని కమ్యూనిటీయే నడపాలని తేజేష్ ఆయన్ను గ్రూపుకు అడ్మిన్‌ను చేశాడు. మరునాడే ఒకటో నంబరు సర్క్యులరు వెలువడింది. 'నీటి సమయము మొదటి వరుసలో ఉండవలెను. సంగీతము ఏదైనా ఉన్నచో దిగువన జతపరచవచ్చును. జతపరచిన సంగీతము ఒక నిమిషమునకు మించరాదు.' ఆయన సతీమణి త్రిపురసుందరిగారు దాన్ని ఆమోదిస్తూ, పైఅంతస్తుల వారికి ప్రెషర్ వివరాలు కూడా మొదటి వరుసలోనే తెలపాలని కోరారు.

నేను సంయుక్త కార్యదర్శినైంది అప్పుడే. కార్యదర్శి ఎవరని అడగకండి. ఆ పదవి కోసం ఇద్దరు కొట్లాడుకుని ఇద్దరూ మానుకున్నారు.

పాట ఎవరూ వినడం లేదని శాంసన్ దిగులు పడుతుంటే తేజేష్ ఇంకో ఉపాయం చెప్పాడు. సర్క్యులరు సంగతి పక్కనపెట్టి, నల్లా టైమును రాయడం మానేసి పాట చివరి చరణంలో రోజీ చేత పాడించాలి. టైము కావాలంటే పాట మొత్తం వినక తప్పదు కదా. ఉపాయం గొప్పదే. కానీ సంఘం ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం జరిపి, పాట వినే బాధ్యతను రిటైర్డు లెక్కల మాస్టారు విశ్వనాథంగారికి అప్పగించింది. ఆయన నీళ్లొచ్చే ప్రతి రోజూ శ్రద్ధగా నాలుగున్నర నిమిషాలూ విని టైమును కామెంటులో రాసేవారు, మిగతావాళ్లు అది చదువుకునేవారు. శాంసన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరైతే విన్నారు కదా. ఆయన్ను వెతుక్కుంటూ ఇంటికి వెళ్లాడు.

"సార్, పాట ఎట్లున్నది?"

"ఆరుంబావు" అన్నారు మాస్టారు.

ఏప్రిల్ ఆఖరి వారంలో శాంసన్ తెగించాడు. టైము ఊసు లేకుండా ఉత్త పాట పెట్టాడు. కింద వెల్లువలా కామెంట్లు. "నీళ్ల గ్రూపులో ఈ పాటలేంటండీ", "అడ్మిన్‌గారు స్పందించాలి", "సంబంధం లేని పోస్టులతో సభ్యుల సమయం వృథా". పరంధామయ్యగారు విచారణ జరిపి, గ్రూపు ఆశయాలకు భిన్నంగా ప్రవర్తించినందుకు శాంసన్‌ను వారం రోజులు గ్రూపు నుంచి సస్పెండు చేశారు. ఆ వారంలో మా గ్రూపు పేరు మారలేదని, పైన అతని గిటారు బొమ్మ అలాగే ఉందని సంఘం పక్షాన గర్వంగా చెప్పుకోవచ్చు.

మే నెల వచ్చింది. ఎండలు ముదిరాయి, నల్లా మూడు రోజులకోసారి అయింది. రోజీ పెట్టె సర్దుకుంటోంది. శాంసన్ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇరవై ఆరు ఆదివారం నాడు మన కాలనీ పార్కుల పాడుతం. నీళ్ల ముచ్చట ఉండది. జర నలుగురికి జెప్పు. ఒక్కసారి ఇంటే సాలు, మల్ల ఎవ్వరినీ అడగ."

నేను హామీ ఇచ్చాను. సంయుక్త కార్యదర్శి పని అదే. శాంసన్ గ్రూపులో ఇలా రాశాడు. "ఆదివారం సాయంత్రం ఆరింటికి పార్కుల మా పాట. అందరు రాండ్రి." అంతే, టైము లేదు, నల్లా లేదు, మామ లేడు. సభ్యులు ఆలోచనలో పడ్డారు. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు దాస్తున్నాడు? పార్కుకు ఎందుకు రమ్మంటున్నాడు? పార్కు గేటు వెడల్పు ఎంత, అందులోంచి ఏం పడుతుంది? శనివారం ఉదయానికి తేలిపోయింది. పార్కుకు మంచినీళ్ల టాంకరు వస్తోంది.

శాంసన్ హడలిపోయి ఇంకోటి రాశాడు. "టాంకర్ రాదు. నీళ్లు రావు. పాట మాత్రమే." దాంతో మిగిలిన కాస్త అనుమానమూ తీరింది. ఒకటి కాదు, రెండు టాంకర్లు. బయటి కాలనీలవాళ్లు ఎగబడకుండా కుర్రాడు తెలివిగా రాశాడని అందరూ మెచ్చుకున్నారు. అన్నోజిగూడ నుంచి ఒక కుటుంబం ట్రాలీ ఆటోలో ఆరు ఖాళీ నీళ్ల డ్రమ్ములు వేసుకుని ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరింది.

ఆదివారం ఆరింటికి బ్యాండు వేదిక ఎక్కేసరికి పార్కు కిక్కిరిసి ఉంది. బిందెలతో. మా కాలనీలో నీళ్ల వరుసలో మనిషి నిలబడడు, బిందెను నిలబెట్టి నీడకు పోతాడు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే లెక్క, ఎవరూ జరపకూడదు. వేదిక ఎదురుగా ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, పెయింటు డబ్బాలు, నూనె క్యాన్లు వంకర లేకుండా ఎనిమిది వరుసల్లో కూర్చున్నాయి. బిందె దొరకనివాళ్లు ఇటుక పెట్టారు. ఇటుక బిందెకు ప్రతినిధి, బిందె మనిషికి ప్రతినిధి. మనుషులు మాత్రం గోడ అవతల చెట్ల కింద, టీ బండి దగ్గర టాంకరు చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నారు. నర్సయ్యను కూడా అక్కడే పట్టుకుని చుట్టూ మూగారు. "నాకేం ఎర్క లేదయ్యా, అల్లుడి పాట ఇననీయుండ్రి" అని ఆయన మొత్తుకుంటున్నాడు. వేదిక పక్కన ఒకే ఒక్క కుర్చీలో సారమ్మ కూర్చుంది.

ముందుగా పరంధామయ్యగారు మైకు అందుకున్నారు.

"సంగీతం నీటి వంటిది. రెండూ పైనుంచి కిందికి ప్రవహిస్తాయి. రెండింటికీ ప్రెషర్ కావాలి. ఈనాడు ఇంతటి అశేష జనవాహిని" అంటూ ఆయన బిందెల వైపు చెయ్యి చూపారు, "క్రమశిక్షణతో, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చోవడం నేను నా ముప్పై ఆరేళ్ల సర్వీసులో చూడలేదు. మాట్లాడే జనాన్ని చూశాను, లేచిపోయే జనాన్ని చూశాను. ఇలాంటి శ్రోతలు దొరకడం ఈ కుర్రవాళ్ల పూర్వజన్మ సుకృతం." ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడి దిగిపోయారు.

బ్యాండు పాట మొదలుపెట్టింది. నేనక్కడే ఉన్నాను, ప్రత్యక్ష సాక్షిని. రోజీ కళ్లు మూసుకుని గొంతెత్తింది. మొదటి వరుసలోని స్టీలు బిందెలు సన్నగా మోగడం నాకు వినబడింది. నా ఒళ్లు జలదరించిన మాట నిజం. సరిగ్గా అప్పుడే, ముప్పై ఒకటో స్థానంలో ఉండాల్సిన మా బిందె ముప్పై రెండులోకి జరిగి ఉండటం గమనించాను. దాని ముందు ఒక ఇటుక. ఆ ఇటుక ఎవరిదో కనుక్కోవాలి కదా? గోడ అవతలికి వెళ్లి, త్రిపురసుందరిగారితో మర్యాదగానే వాదించి, ఆ ఇటుక తమ బిందెకు ముందస్తు ఏర్పాటని ఆవిడ చెప్పిన మాట చెల్లదని నిరూపించి, తిరిగొచ్చేసరికి పాట అయిపోయింది.

చప్పుడు ఆగేసరికి టాంకరు వచ్చి ఆగిందనుకుని జనమంతా ఒక్కసారి లోపలికి పరుగెత్తుకొచ్చారు.

"టాంకరేదయ్యా?" అన్నాడు అన్నోజిగూడ ఆయన.

"రాదని రాసిన గద సార్" అన్నాడు శాంసన్.

"రాశావు. అందుకేగా వచ్చాం."

జనం తిట్టుకుంటూ బిందెలు తీసుకుని వెళ్లిపోయారు. ఇటుకలు మాత్రం అక్కడే ఉన్నాయి. సారమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మస్తు పాడినవ్ బిడ్డా" అంది. తల్లి మాట లెక్కలోకి రాదని రోజీకి తెలుసు. అయినా నవ్వింది. ఆ తర్వాతి శనివారం ఉదయం ఉప్పల్ రింగు రోడ్డులో హనుమకొండ బస్సెక్కింది. బుచ్చిరాములు దుకాణం తెరవకముందే వచ్చి పెట్టె పైకి అందించాడట. శాంసన్ అదే రోజు గ్రూపు నుంచి తప్పుకున్నాడు. నర్సయ్య నేరుగా పరంధామయ్యగారికే టైము చెప్పే ఏర్పాటు చేసుకున్నాం కాబట్టి సంఘ కార్యకలాపాలకు ఆటంకమేమీ కలగలేదు. ఆ వారంలోనే పదకొండు వేలు దాటాం.

మొన్న నాచారం చౌరస్తాలో శాంసన్ ఎదురుపడ్డాడు. "అన్నా, నువ్వు ఆడనే ఉన్నవ్ గద. ఒక్క లైనన్న యాదికున్నదా?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. నాకు సిగ్గేసింది. చాలా బాగుందని చెప్పి బస్సొచ్చినట్టు నటించి తప్పుకున్నాను.

నన్ను చూసి నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ మీరూ ఇందాకటినుంచి నాతోనే ఉన్నారు. వాల్వు ఎవరు తిప్పుతారో తెలుసుకున్నారు, బిందెలు ఎన్ని వరుసలో తెలుసుకున్నారు, నా స్థానంలోకి వచ్చిన ఇటుక ఎవరిదో కూడా తెలుసుకున్నారు. రెండేళ్లు కట్టిన ఆ పాట దేని గురించని మీకు ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు. రండి, ముప్పై మూడో స్థానం ఖాళీగానే ఉంది, మీ బిందె పెట్టుకోండి.