రెండో గడిలో ఉన్నదెవరు?

"ఈ రోజు నుంచి నేరస్థులకు కంటి మీద కునుకు ఉండదు. ఎందుకంటే ఈ రోజు నుంచి నేను పూర్తికాలం డిటెక్టివ్‌ని!"

మా బావగారు, అంటే మావారి అన్నగారు, రిటైరైన మర్నాడు పొద్దున్నే కాఫీ కప్పు ఎత్తి ఈ ప్రకటన చేశారు. ఆ సమయంలో వంటగదిలో నేరస్థులెవరూ లేరు. మావారు పేపరు కాస్త పైకి జరుపుకుని మొహం దాచుకున్నారు. మా అత్తగారికి వినపడదు కాబట్టి ఆవిడ తన మానాన తాను బీన్స్ తరుగుతున్నారు. మిగిలింది నేను. తమ్ముడి భార్యను కాబట్టి మొహం మీద నవ్వకూడదు.

"చాలా మంచి నిర్ణయం బావగారూ," అన్నాను.

"నిర్ణయం కాదమ్మా, విధి! ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాను. మీటరు చదివినవాణ్ణి మనిషి మొహం చదవలేనా? ఈ కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోలేదు!" అని, ఆ కళ్ళకు పెట్టుకోవలసిన కళ్ళజోడు కోసం టేబులంతా తడిమారు. అది ఆయన నెత్తి మీదే ఉంది.

ఆయన మొదటి కేసు పక్కింటాయన చెప్పులు మాయమవడం. ఆ చెప్పులే వేసుకుని వీధి వీధీ తిరిగి దర్యాప్తు చేశారు. ఆఖరికి ఫలితం చెప్పడానికి పక్కింటి గుమ్మంలో వాటిని విడిచినప్పుడు కేసు దానంతట అదే తేలిపోయింది. దాన్ని ఆయన తన మొదటి విజయంగా లెక్క వేసుకున్నారు. ఇక రెండో కేసు మా కంప్యూటర్ క్లబ్బుది. నా ప్రాణం తీసింది అదే.

నాకు బడిలో లెక్కలు చెప్పడం ఉద్యోగం, కంప్యూటర్ క్లబ్బుకి కార్యదర్శిగా ఉండడం వ్యసనం. ప్రతి ఆదివారం లైబ్రరీ మేడ మీద హాల్లో కలుస్తాం. ఎవరికీ జీతం లేదు. కంప్యూటరు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు నేర్పుతారు, జనం పారేసిన పాత కంప్యూటర్లు తెచ్చి బాగుచేసి అవసరమైనవాళ్ళకు ఇస్తాం. రేడియోలు బాగుచేసే పెద్దాయన మా అధ్యక్షుడు. అందరం ఆయన్ని రేడియో బాబాయ్ అంటాం.

మాలాంటి క్లబ్బులన్నిటికీ కలిపి ఒక సమాఖ్య ఉంది. అందులో చేరితే వాళ్ళు చేసే మేలు అంతా ఇంతా కాదు. మంచి మంచి ఉపన్యాసకుల్ని కుదిర్చి పెడతారు. కొత్త పుస్తకాలు పంపుతారు, చదివి ఎలా ఉందో ఒక పేజీ రాసిస్తే పుస్తకం మనదే. ఆ పేజీ రాయాలన్న భయంతో మావాళ్ళెవరూ పుస్తకం ఉన్న బీరువా వైపు కూడా వెళ్ళరు, అది వేరే సంగతి. హాల్లో ఎవరైనా తీగ తట్టుకుని పడితే బీమా కూడా సమాఖ్యదే. ఈ బీమా ఎందుకో బావగారు క్లబ్బులో చేరేదాకా మాకు అర్థం కాలేదు.

అన్నిటికన్నా పెద్ద మేలు వీడియో గది. దూరంగా ఉన్నవాళ్ళంతా తెర మీద గళ్ళు గళ్ళుగా కనిపిస్తారు. ఎవరేం మాట్లాడినా ఆ మాటలు తెర కింద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలుగా పడతాయి. మామూలుగా అయితే దాని ఖరీదుకి మేం దరిదాపులకు కూడా వెళ్ళలేం. సమాఖ్య మాకు ఊరికే ఇచ్చింది.

ఆ అక్షరాల విలువ మా ఇంట్లో తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. అత్తగారికి వినికిడి పోయి చాలాకాలమైంది. చెవి మిషన్లు ఆవిడకు పనిచెయ్యలేదు. మొదట్లో అందరం అరిచి చెప్పేవాళ్ళం, తర్వాత సైగల్లోకి దిగాం. తిన్నావా, పడుకుంటావా, తలుపు వేసుకో. సైగలతో ఇంతకు మించి ఏం మాట్లాడతాం? ఒక ఆదివారం ఊరికే కూర్చుంటారని ఆవిణ్ణి క్లబ్బుకి తీసుకెళ్ళాను. మా సభ్యుడు పళ్ళ డాక్టరు ఏదో జోకు వేశాడు. అందరితో పాటు, అందరితో సమానంగా అత్తగారూ నవ్వారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. అప్పటి నుంచి ఆదివారం వస్తే అందరికన్నా ముందు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది ఆవిడే.

అలాంటి వీడియో గదిలో దెయ్యం దూరింది.

మేం గది తెరవగానే మా క్లబ్బు పేరుతో రెండు గళ్ళు కనిపించేవి. ఒకటి మాది. రెండోది నల్లగా ఉండేది, అందులోంచి గుర్రుమని ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు. బయటికి తోసేస్తే మళ్ళీ వచ్చి కూర్చునేది. శనివారం నాడు, మర్నాటి మీటింగు కోసం అన్నీ సరిచూసుకుంటుంటే, సమాఖ్యలో క్లబ్బుల సంగతి చూసుకునే మేడమ్ తెర మీదికి వచ్చి ఇది గమనించారు.

"మీ ఖాతా బయటివాళ్ళకేమైనా ఇచ్చారా? ఊరికే ఇచ్చింది కదా అని కొన్ని క్లబ్బులు అలా చేస్తున్నాయి. రూలు కఠినంగా ఉందండీ. రేపటి మీటింగు నేను చూస్తాను. ఆ రెండో గడి ఎవరిదో తేలకపోతే ఖాతా ఆపేయాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి."

ఆ మాటలన్నీ తెర కింద అక్షరాలుగా పడ్డాయి. అత్తగారు చివరిదాకా చదివి నా వైపు తిరిగారు.

"అయితే అమ్మాయ్, రేపే ఆఖరా?"

నేను ఆవిడ సంచి సర్దడంలో పడ్డాను. నోరు తెరిస్తే అదీ తెర మీద పడుతుంది.

ఆ మాటకు బావగారు కుర్చీలోంచి లేచారు. లోపల కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉండడంతో తీగ తట్టుకుని పడ్డారు. మళ్ళీ లేచి, "ఇది మామూలు నేరం కాదు. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది!" అన్నారు.

"ఒక లైబ్రరీ మేడ మీద అంతర్జాతీయ ముఠాకి ఏం పని బావగారూ?"

"అదే కదమ్మా వాళ్ళ తెలివి. ఎవరూ అనుమానించరు." మైకు దగ్గరికెళ్ళి గొంతు లావు చేశారు. "ఎవరు నువ్వు?"

రెండో గడిలోంచి, కాస్త ఆగి, గుహలోంచి వచ్చినట్టు జవాబొచ్చింది. "ఎవరు నువ్వు?"

హాలంతా బిగుసుకుపోయింది. బావగారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"చూశారా? మన ప్రశ్నే మనకి వేస్తున్నాడు. ఘటికుడు!" మళ్ళీ మైకులో, "నీ ఆటలు నా దగ్గర సాగవు!"

"నీ ఆటలు నా దగ్గర సాగవు," అంది రెండో గడి.

"పైగా ధైర్యవంతుడు!" అన్నారు బావగారు మెచ్చుకుంటూ.

తర్వాత విచారణ మొదలైంది. పళ్ళ డాక్టర్ని కిటికీ వైపు తిప్పి నిలబెట్టారు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"క్లినిక్‌లోనండీ. మీకే పన్ను పీకాను."

"సాక్షి ఉన్నాడా?"

"మీరేనండీ!"

"ఊఁ. అన్నీ ముందే ఏర్పాటు చేసుకున్నారన్నమాట," అని బావగారు తల పంకించారు.

రేడియో బాబాయ్ వంతు వచ్చేసరికి ఆయన, "నువ్వు నన్ను అనుమానించు, పర్లేదు, నా స్క్రూడ్రైవరు మాత్రం ఇచ్చెయ్," అన్నాడు. దాన్ని బావగారు సాక్ష్యంగా జేబులో పెట్టుకుని ఉన్నారు.

రేడియో బాబాయ్ ఇంకా హాలు స్విచ్ కట్టకముందే, మెట్లు దిగుతూ బావగారు అలవాటు కొద్దీ లైబ్రరీ కరెంటు మీటరు ముందు ఆగారు. "హాల్లో ఉన్నవాటికి మీటరు ఇంత పరుగెత్తకూడదే! ఇంకేదో కరెంటు తాగుతోంది," అని గొణిగి, వెంటనే చెయ్యి విదిలించారు. "పోనీలే, అది మన కేసుకు సంబంధించింది కాదు."

ఆదివారం వచ్చింది. సమాఖ్య కుదిర్చిన ఉపన్యాసకుడు మాట్లాడబోయే అంశం, ఇతరులు చొరబడకుండా మీ ఖాతాను కాపాడుకోవడం ఎలా. వింటున్నవాళ్ళలో చొరబడినవాడు కూడా ఉండబోతున్నాడని ఆయనకు తెలియదు, పాపం. అత్తగారు ముందు వరసలో, తెరకు దగ్గరగా, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నారు. పెళ్ళికి వచ్చినట్టు మంచి చీర కట్టుకున్నారు.

"బావగారూ, ఏం చేద్దాం?" అని నిజంగానే అడిగాను. అంత దిగజారాను ఆ రోజు.

"నేరస్థుడు నేరం జరిగిన చోటికి తిరిగి వస్తాడమ్మా. నేను దాక్కుని చూస్తాను."

"నేరం ఎక్కడ జరిగిందో మనకి తెలియదు కదా?"

"అందుకే ఎక్కడ దాక్కున్నా ఒకటే!" అని హాలు పక్కనున్న స్టోరు గదిలో దూరి తలుపు వేసుకున్నారు. మేం బాగుచెయ్యాల్సిన పాత కంప్యూటర్లన్నీ అందులోనే పేర్చి ఉంటాయి.

వీడియో గది తెరిచాం. సమాఖ్య మేడమ్ వచ్చారు, ఉపన్యాసకుడు వచ్చారు, రెండో గడి కూడా వచ్చింది. నల్లగా, గుర్రుమంటూ. మేడమ్ మొహం ముడుచుకుంది. "చూడండీ, ఇక నేను..." అని ఆవిడ అంటుండగా రెండో గడి భళ్ళున తెల్లారింది.

అందులో ఒక బట్టతల. వెనక వైపు నుంచి.

స్పీకర్లు కీచుమన్నాయి. రేడియో బాబాయ్ గబగబా సౌండు పూర్తిగా తగ్గించేశాడు. కానీ తెర కింద అక్షరాలు ఆగలేదు.

"కేసు నోట్సు," అని పడింది. "స్థలం, స్టోరు గది. దుమ్ము ఎక్కువగా ఉంది. మారువేషం కోసం ఒక పెట్టె మీది దుప్పటి లాగి కప్పుకున్నాను. తాళం కన్నంలోంచి చూస్తున్నాను. గదిలో ఎందుకో కాస్త వెలుతురు వచ్చింది. కళ్ళు చీకటికి అలవాటు పడినట్టున్నాయి. గోడలు పల్చన. మేడమ్ నా వీపు వెనకే మాట్లాడుతున్నట్టుంది."

ఆయన అనుకున్నవన్నీ సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకునే అలవాటు మాకు తెలుసు. అవి తెర మీద చదువుతామని మాత్రం ఎవరం అనుకోలేదు.

"అనుమానితులు. పళ్ళ డాక్టరు. ఎప్పుడూ నవ్వుతాడు, ఏదో దాస్తున్నాడు. రేడియో బాబాయ్. నేను సాక్ష్యంగా తీసుకున్న స్క్రూడ్రైవరు కోసం మరీ ఆత్రపడుతున్నాడు. మరదలు. తెలివైనదే, కానీ నన్ను గౌరవిస్తున్నట్టు నటిస్తుంది."

హాలు గొల్లుమంది. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"బయట నవ్వులు వినిపిస్తున్నాయి. పాపం, ముప్పు తమ మధ్యే ఉందని తెలియని అమాయకులు. ఇక అమ్మ. అమ్మ మీద అనుమానం లేదు."

తర్వాతి అక్షరాలు నెమ్మదిగా పడ్డాయి.

"అమ్మకు నా కబుర్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. మీటర్లు చదివి ఇంటికొచ్చి ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ చెప్పేవాణ్ణి. అమ్మకు వినపడ్డం మానేశాక నా కబుర్లు వినేవాళ్ళే లేకపోయారు. మిగతావాళ్ళు వింటారు, కానీ పేపరు అడ్డం పెట్టుకుని వింటారు. మొన్న ఇక్కడ మీటరు జోకు చెబితే అమ్మ చదివి నవ్వింది. ఈ కేసు ఓడిపోకూడదు. మిగతా కేసులు పోయినా పర్లేదు."

మేడమ్ తెర మీద కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అత్తగారు సంచి పక్కన పెట్టి లేచి మైకు దగ్గరికి వెళ్ళారు.

"ఒరేయ్ పెద్దోడా! బయటికి రా. దుమ్ములో కూర్చుంటే నీకు తుమ్ములొస్తాయి."

రెండో గడిలో బట్టతల ఉలిక్కిపడింది. "శత్రువు అమ్మ గొంతు కూడా అనుకరిస్తున్నాడు! నా వెనకే ఉన్నాడు!" అని అక్షరాలు పడ్డాయి. బావగారు గిర్రున వెనక్కి తిరిగారు. అక్కడ వెలుగుతున్న తెరలో, దుప్పటి కప్పుకుని, మూతి మీద బూజుతో ఒక మొహం ఆయన వైపే గుడ్లురిమి చూస్తోంది.

"దొరికాడు!" స్టోరు గదిలోంచి కేక మాకు నేరుగానే వినిపించింది. "దొరికాడమ్మా! బట్టతల, బుర్రమీసం, చూడగానే పాతనేరస్థుడని తెలిసిపోయే మొహం! కదిలావంటే... ఒరేయ్, నువ్వూ వేలు చూపిస్తున్నావా?"

రేడియో బాబాయ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో నా మతిమరుపు మండ! పెద్దవాళ్ళకి నొక్కే పని లేకుండా, కరెంటు రాగానే దానంతట అదే లేచి వీడియో గదిలోకి వచ్చేలా ఒక పెట్టెని అమర్చానండీ. ఏ పెట్టెనో మర్చిపోయాను. ఎవరో దుప్పటి కప్పి స్టోరులో పెట్టారు. మనం హాలు స్విచ్ వేసినప్పుడల్లా అదీ లేచి కూర్చుంటోంది. ఆ గుర్రు దాని ఫ్యాను. ఆ జవాబులు గోడ అవతల నుంచి దాని మైకు పట్టిన మన మాటలే."

బావగారు దుప్పటితోనే బయటికొచ్చారు. వరసగా తుమ్మి, ఒక్క క్షణం తెర వైపు, ఒక్క క్షణం మా వైపు చూసి, వెంటనే తేరుకున్నారు.

"మీటరు ఎక్కువ తిరుగుతోందని నేను నిన్ననే చెప్పానా లేదా?"

"చెప్పారు బావగారూ," అన్నాను. ఆ ఒక్కసారి నటించలేదు.

సమాఖ్య మేడమ్ ఖాతా ఆపలేదు. పైగా, "మీ డిటెక్టివ్‌గారి చేత మా పత్రికకి ఒక వ్యాసం రాయించండి. అన్ని క్లబ్బులకీ పంపుతాం," అన్నారు. బావగారు ఇప్పటికి దానికి పేరు మాత్రం రాశారు, మిగతాది ఆలోచిస్తున్నారు.

స్టోరులోని ఆ కంప్యూటరును క్లబ్బు మా ఇంటికే ఇచ్చింది. అవసరమైనవాళ్ళకు ఇవ్వడం మా పద్ధతి కదా. మావారు దాన్ని అత్తగారి గదిలో పెట్టారు. ఇప్పుడు బావగారు, అత్తగారు అక్షరాలు చదువుతుంటే, దాని ముందు కూర్చుని పొద్దున్న లేచింది మొదలు చెప్పిందే చెబుతూ ఉంటారు. చెప్పుల కేసు అయితే ఇంట్లో గోడలకు కూడా కంఠతా వచ్చేసింది. నేరస్థుల మాట దేవుడెరుగు, కునుకు లేనిది మాకే.

మొన్న అత్తగారికి కూడా ఓపిక అయిపోయినట్టుంది. "కాసేపు నోరు మూస్తావా పెద్దోడా," అని తెర ఆపేశారు. బావగారు చిన్నబుచ్చుకోలేదు, ఊరికే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. అత్తగారు మంచినీళ్ళు తాగారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, కొడుకు వైపు ఒకసారి చూశారు. తర్వాత చెయ్యి చాపి తనే మళ్ళీ స్విచ్ వేశారు.

"ఊఁ, చెప్పు. పక్కింటాయన గుమ్మంలో చెప్పులు విడిచావు. తర్వాతేమైంది?"